ఖాళీ గది కొలత

రాడార్‌కు చిక్కని యుద్ధవిమానాన్ని పరీక్షించే ముందు, అది నిలబడే గదిని ఒకసారి ఖాళీగా రాడార్‌తో కొలవాలి. లోపలికి వెళ్ళినవాళ్ళు తలుపు పక్కన మేకుకి తమ పేరు బిళ్ళ తగిలించాలి. ఆ రాత్రి మేకులన్నీ బోసిగానే ఉన్నాయి. ఇంజనీరమ్మ తలుపు మూసి, పక్క గదిలో తెర ముందు కూర్చుంది. లోపలి నల్లటి నురుగు గోడలు రాడార్ తరంగాలనే కాదు, చప్పుడునీ మింగేస్తాయి.

తెర మీద ఒక చుక్క కనబడింది. అంత పెద్ద విమానానికీ పిచ్చుకంత చుక్కే వస్తుంది. ఇది మనిషంత ఉంది. యాంటెన్నా నుంచి దూరం పన్నెండు మీటర్లు.

ఆమె ఫోన్ చేసి చెబితే, పై అధికారి పెద్దాయన ఆవలించాడు. "ఎవడో నిచ్చెన వదిలేసుంటాడమ్మా. మళ్ళీ కొలిచి చూడు."

లోపలి కెమెరాలో నిచ్చెన లేదు, మనిషీ లేడు. మళ్ళీ కొలిచింది. ఏడు మీటర్లు.

"నిచ్చెనకి కాళ్ళొచ్చాయండీ," అంది. ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు.

మూడోసారి ఒక మీటరు. యాంటెన్నా ఉన్నది ఆమె కుర్చీ వెనక గోడలోనే. అది ఆ గదిలోకే చూస్తుంది. ఇటువైపు ఏముందో దానికి తెలియదు.

నాలుగోసారి తెర శుభ్రంగా ఉంది. ఆ మాటే ఫోన్లో చెప్పింది.

"హమ్మయ్య! ఖాళీయేనా?"

"ఆ గది ఖాళీయేనండీ," అందామె, వెనక్కి తిరగకుండా.