ఉంటానండి

"కాస్త పక్కకి జరుగుతారా? ఫొటోలో పడుతున్నారు," అన్నాడు ఉదయభాస్కర్.

గళ్ళ చొక్కా ఆయన నవ్వుతూ జరిగాడు. జరిగి ఊరుకోలేదు.

"మీదేవూరండి?"

"కొవ్వూరు."

"ఆయ్, అయితే మనం ఇరుగుపొరుగేనండి. మాది గోదారికి ఇవతల, కోరుకొండ దగ్గర. పాప పేరేంటండి? ఏం చదువుతోంది?"

పాప పేరు హారతి, రెండో తరగతి. భాస్కర్ చెప్పలేదు. అతని భార్య సూర్యకళ చెప్పింది.

"జిడ్డు మనిషిలా ఉన్నాడు, మాట కలపకు," అన్నాడు భాస్కర్ ఆవిడ చెవిలో.

మన్యంలో కొండల మధ్య చెరువు అది. చెరువు నడుమ రెండు దిబ్బలు, వాటి మధ్య చిన్న పల్లం. గోదావరి వాళ్ళు కదా, నీళ్ళ మధ్య నేల కనబడితే చాలు, లంక అనేస్తారు. లాంచీ నడిపే బుల్లియ్య మధ్యాహ్నం ఆ నలుగురినీ లంక మీద దింపి, "సాయంత్రానికి వచ్చేస్తానండి" అని వెళ్ళాడు.

"అవతలి దిబ్బ మీంచి ఒడ్డు ఎంత బాగా కనబడుతుందోనండి. రండి, మీ ముగ్గురికీ ఒక ఫొటో తీస్తాను," అన్నాడు గళ్ళ చొక్కా ఆయన.

"అక్కర్లేదండి. మీరెళ్ళి తీసుకోండి."

సాయంత్రమైంది. లాంచీ రాలేదు, వాన వచ్చింది.

గోదావరి వరదైతే చెప్పి వస్తుంది. భద్రాచలంలో ఎంతుందో టీవీలో చూసి, సామాన్లు అటకెక్కించి, ఆ తర్వాత తీరిగ్గా కంగారుపడొచ్చు. కొండనీటికి ఆ మర్యాద లేదు. చూస్తుండగానే రేవులో రాయి మునిగింది. దాని పక్క రాయీ మునిగింది.

నలుగురూ చెట్ల చాటునున్న తాటాకు పాకలో దూరారు. హారతి జారిపడి మడమ బెణికించుకుంది. అడుగు తీసి అడుగు వేయలేదు. సిగ్నల్ కోసం వెతికీ వెతికీ భాస్కర్ ఫోను చచ్చిపోయింది.

"లాంచీ వస్తుందంటారా?" అంది సూర్యకళ.

"రాక ఎక్కడికి పోతుంది?" అన్నాడు భాస్కర్. ఆ మాట అతనికే నమ్మకంగా వినబడలేదు.

"ఈ పాక ఒడ్డుకి కనబడదేమోనండి," అన్నాడు గళ్ళ చొక్కా ఆయన. "పల్లంలోకి కూడా నీళ్ళెక్కుతున్నాయి."

"పిల్ల ముందు ఆ మాటలెందుకండీ? కాసేపు ఊరుకోలేరా?"

ఆయన ఊరుకున్నాడు. మధ్యాహ్నం నుంచీ అదే మొదటిసారి.

హారతి వణుకుతోంది. ఆయన తన భుజం మీది తువ్వాలు తీసి పాపకి కప్పాడు. సంచిలోని జంతికలన్నీ పాప ఒళ్ళో గుమ్మరించాడు. ఖాళీ అయిన ప్లాస్టిక్ కవర్లో తన ఫోను పెట్టి గట్టిగా ముడేసుకున్నాడు.

'ఫోను మీద ఎంత జాగ్రత్తో,' అనుకున్నాడు భాస్కర్.

"మరి నేనుంటానండి," అని ఆయన వానలోకి దిగి చెట్ల కిందుగా వెళ్ళిపోయాడు.

ఎక్కడికని భాస్కర్ అడగలేదు.

కాసేపటికి చెట్ల సందుల్లోంచి, నీళ్ళ మీద ఒక నాటు పడవ కనబడింది. టార్పాలిన్ కింద ఎవరో మనుషులున్నారు. భాస్కర్ గొంతు చించుకుని అరిచాడు. వాన చప్పుడులో వాళ్ళకి వినబడలేదు. పడవ ఒడ్డు వైపు పోయింది.

"చూశావా? మనల్ని ముంపులో వదిలేసి, సెలవు తీసుకుని మరీ చక్కా పోయాడు."

"ఆయన అలాంటి మనిషిలా లేరండి."

"మధ్యాహ్నం జిడ్డులా పట్టుకున్నవాడు ఇప్పుడేడి మరి?"

నీళ్ళు పాకలోకి వచ్చాయి. భాస్కర్ పాపని భుజాల మీదికెత్తుకున్నాడు. సూర్యకళ అతని చొక్కా పట్టుకుని కోరుకొండ నరసింహస్వామికి మొక్కుకుంది. అంతకన్నా చేయగలిగింది ఏమీ లేదు. అటు పోదామంటే నీళ్ళు, ఇటు పోదామంటే నీళ్ళు.

చీకటి పడుతుండగా లాంచీ చప్పుడు వినబడింది.

"ఇంజను మొరాయించిందండి," అన్నాడు బుల్లియ్య పాపని అందుకుంటూ. "ఇంకొకాయన ఏరండి?"

"ముందే వేరే పడవలో వెళ్ళిపోయాడు. మాకు చెప్పే వెళ్ళాడు."

"సరేనండి, గట్టిగా పట్టుకోండి," అని బుల్లియ్య లాంచీ తిప్పాడు.

ఒడ్డున ఆ నాటు పడవ కట్టేసి ఉంది. పడవ మనిషి చిట్టెమ్మ వల దులుపుతోంది. గళ్ళ చొక్కా ఆయన్ని పట్టుకుని నాలుగు మాటలనాలని ఉంది భాస్కర్‌కి.

"లంక మీంచి ఒకాయన్ని తెచ్చారు కదా, ఎటెళ్ళాడు?"

"మేమెవర్నీ తేలేదండి. అసలు లంక వైపే రాలేదు," అంది చిట్టెమ్మ.

తాడు కడుతున్న బుల్లియ్య చేతులు ఆగాయి.

"మరి ఆ లైటు మీరే కదండీ ఊపింది? వానలో లంక ఎటుందో తెలీక వెనక్కి తిరిగిపోతున్నాను. అవతలి దిబ్బ మీద సెల్లు లైటు ఊగుతుంటే, దాని ఆనవాలుతో మళ్ళీ వచ్చాను."

భాస్కర్ జేబులో చచ్చిన ఫోను తడుముకున్నాడు.

బుల్లియ్య అప్పటికే లాంచీలోకి దూకాడు.

"ఆయన పేరేంటండి? పిలవాలి."

వీళ్ళ ఊరు, పాప పేరు, పాప చదువు అన్నీ ఆయన అడిగి తెలుసుకున్నాడు. ఆయన పేరు మాత్రం వీళ్ళెవరూ అడగలేదు.

"ఏవండీ," అని నీళ్ళ వైపు పిలిచాడు భాస్కర్. ఇంకేమని పిలవాలో తెలియక మళ్ళీ అదే పిలిచాడు. "ఏవండీ..."

అవతలి దిబ్బ ఉండాల్సిన చోట ఏ లైటూ లేదు.

"వెళ్ళొస్తాననలేదండి ఆయన," అంది సూర్యకళ, పాప భుజం మీది తువ్వాలు పట్టుకుని. "ఉంటానన్నారు."