మంచి స్టీలు

ఆ ఉదయం ఆకాశం తోమి బోర్లించిన గిన్నెలా మెరుస్తోంది. అమెరికాలో, షామ్‌బర్గ్‌కి గంట దూరంలోని రైలు మ్యూజియంలో, పాత డైనింగ్ కారు మెట్లకి అడ్డంగా ఇద్దరు రిటైర్డ్ ఇంజనీర్లు నిలబడి కొట్లాడుకుంటున్నారు.

“ఇది ఫిలడెల్ఫియాలో కట్టిన పెట్టె. ఒళ్లంతా స్టెయిన్‌లెస్ స్టీలే. ఎక్కడైనా పెయింట్ చుక్క ఉంటే చూపించు,” అన్నాడు గోపీనాథ్.

“కళ్లజోడు మార్చుకో. ఇది షికాగోది. ఒళ్లంతా మామూలు ఇనుమే, పైన స్టీలు రేకు తొడిగారు. ఆ గాడుల చివర మరలు కనబడట్లా?” అన్నాడు అతని స్నేహితుడు హనుమయ్య.

గోపీనాథ్ భార్య హైమ వాచీ చూసుకుంది. ఇవాళ్టితో ఆమెకు అరవై నిండాయి. కోరుకుంది ఒక్కటే, రైళ్ల గోల లేకుండా ఒక్క పూట భోజనం.

“ఏవండీ, లోపల టేబుల్ బుక్ చేసింది పన్నెండింటికి.”

“ఒక్క నిమిషం హైమా, వీడి సంగతి తేల్చేసి వస్తా.”

“ముప్ఫై ఏళ్లుగా తేలుస్తూనే ఉన్నాడమ్మా!” అన్నాడు హనుమయ్య.

“నేను తేలుస్తా. తప్పు చెప్పినవాళ్లు భోజనం అయ్యేదాకా నోరెత్తకూడదు. సరేనా అన్నయ్యగారూ?”

గెలుపు తనదేనన్నట్టు ఇద్దరూ తలూపారు.

హైమ సంచిలోంచి, ఇందాక మ్యూజియం షాపులో కొన్న రైలుబొమ్మ అయస్కాంతం తీసింది. “మా అమ్మ స్టీలు సామాన్లు ఇలాగే చూసి కొనేది. మంచి స్టీలుకి ఇది అంటదు. కింద ఇనుముంటే పల్చటి రేకు మీదైనా అతుక్కుంటుంది.”

కిటికీ కింద పెట్టింది. టక్కున రాలిపడింది.

“అదీ! ఇంక నోరు మూసుకోరా,” అని గోపీనాథ్ చప్పట్లు కొట్టాడు.

“తలుపు పక్కన కూడా చూడనివ్వండి.” అటు తిరిగి, బొమ్మను కొంగుతో తుడిచి, గట్టిగా అదిమింది. అతుక్కుపోయింది.

ఈసారి హనుమయ్య ఈల వేశాడు.

“ఆగండన్నయ్యగారూ. మీరేమో ఒళ్లంతా ఇనుమన్నారు, ఈయనేమో ఒళ్లంతా స్టీలన్నారు. ఇద్దరూ ఓడారు. పదండి, ఆకలేస్తోంది.”

గోపీనాథ్ ఏదో అనబోయాడు. హైమ పెదవుల మీద వేలు పెట్టింది. తలొంచుకుని మెట్లెక్కాడు.

తెల్లటి టేబుల్‌క్లాత్ మీద టమాటా సూప్ పొగలు కక్కింది. చెంచాల చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. బాగుందా అని వెయిటర్ అడిగితే మగవాళ్లిద్దరూ బుద్ధిగా తలలూపారు. హైమ కూడా మాట్లాడలేదు. నోరు తెరిస్తే నవ్వాగదు. తలుపు పక్కనున్న ఆ రైలుబొమ్మ వెనక ఉన్నది, పొద్దుటి నుంచీ తను నమిలిన చూయింగ్ గమ్.