ఒడ్డున ఆగిన పడవలు

"గాలి ఇంత బాగుంది. ఆ నాలుగు పడవలు ఒడ్డునే ఉన్నాయేం? పాడైపోయాయా?" అని అడిగాడు టైటస్.

వల బాగుచేస్తున్న ముసలాయన తలెత్తలేదు.

"పడవలకేం రోగం సారూ. పెంచలయ్య వాళ్ళమ్మ పోయింది. మైల ఉండే ఇంటి పడవ సముద్రం మీదకి పోకూడదు."

"ఆ ఇంటిది ఒకటే కదా. మిగతా మూడు?"

"దాయాదులవి. వాళ్ళకీ మైలే గదా."

టైటస్ కావలిలో ఒక కాలేజీ లెక్చరర్. ఇంట్లో పిల్లల గోల పడలేక, దసరా సెలవుల్లో రోజూ ఈ ఊరి ఒడ్డుకొచ్చి వలల కొట్టంలో కూర్చుని థీసిస్ రాసుకుంటున్నాడు. ఆరేళ్లుగా రాస్తూనే ఉన్నాడు. మూడో అధ్యాయం ఇప్పటికి రెండుసార్లు వెనక్కొచ్చింది. ఈ నెలాఖరులోగా గైడు సుభాషిణి గారు సరేననకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. ఆరేళ్ల కష్టం నీళ్లపాలే.

ముసలాయన మెడ సాచి ల్యాప్‌టాప్‌లోకి చూశాడు.

"ఏంది సారూ, చెట్టు బొమ్మ ఏసుకుంటా కూర్చున్నావ్?"

"ఇది భాషల వంశవృక్షం పెద్దాయనా. హంగేరీ, ఫిన్లాండ్, సైబీరియా... అక్కడ చాలా భాషలు ఒకే తల్లి పిల్లలు. యురాలిక్ భాషలంటారు. మా పండితుల తగువంతా వీటి గురించే."

"బాగుండాది. ఒకే తల్లి బిడ్డలైతే ఇంక తగువేముంది?"

పండితులు తగువు పడటానికి మధ్యలో పొలం గట్టే ఉండక్కర్లేదు. ఈయనకేం అర్థమవుతుందిలే అనుకుంటూనే చెప్పాడు టైటస్.

"సైబీరియా వైపు సమొయెద్ భాషలని ఉన్నాయి. అందరికంటే ముందు ఇల్లు విడిచిపోయినవి అవేనని పాతవాళ్ళు అంటారు. కాదు, శాఖలన్నీ ఇంచుమించు ఒకేసారి విడిపోయాయని కొత్తవాళ్ళు అంటారు. నేను పాతవాళ్ళ పక్షం."

"అవే ముందు పొయినాయని నీకెట్టా తెలిసె?"

"మిగతావాటితో కలిసే మాటలు వాటిలో చాలా తక్కువ. లెక్కపెట్టి చూపించాను."

ముసలాయన వల పక్కన పెట్టాడు.

"పెంచలయ్య తమ్ముడు ఇరవై ఏళ్ల కింద పులికాట్ పక్కకి పొయినాడు. వాడి బిడ్డలకి ఇప్పుడు అంతా అరవమే. ఆ చివర పడవ చిన్నపోలయ్యది. వాళ్ళు ముత్తాత కాలంలోనే విడిపొయినారు. అయినా ఈడనే ఉండారు, మా మాటే మాట్లాడతారు. నువ్వు మాటలు లెక్కేస్తే ముందు పొయినోడు తమ్ముడని తేలతది. అవునా?"

టైటస్ తెర మీది చెట్టు బొమ్మని మళ్ళీ చూసుకున్నాడు.

"మాటలు పోగొట్టుకునేది వేరు, ముందు పొయ్యేది వేరు సారూ."

"మరి ఎలా తెలుసుకోవాలి?"

"ఆ ఒకడు పొయినాక మిగిలినోళ్ళంతా కలిసి కొత్తగా ఏం చేసినారో చూడాల. వాడికి లేకుండా వీళ్ళందరికీ ఉండేది ఒకటన్నా దొరికితే వాడు ముందు పొయినట్టు. దొరక్కపోతే తెల్దని చెప్పాల."

వలలు కుట్టే ఆయన దగ్గర పాఠం చెప్పించుకోవడం టైటస్‌కి అంతగా రుచించలేదు. మాట మార్చాడు.

"ఈ పడవల్లో మీ దాయాదులవి ఎన్ని?"

"నాకెవురుండారు? తుపానులో కొట్టుకొచ్చిన బిడ్డని. పోలేరమ్మ గుడికాడ దొరికితే పోలేరయ్య అని పెట్టినారు. నేను పోతే ఒక్క పడవా ఆగదు."

నవ్వి, మళ్ళీ వల అందుకున్నాడు.

టైటస్ ఇంకో నాలుగు లెక్కలు చేర్చి అధ్యాయం పంపేశాడు. వారానికల్లా తిరిగొచ్చింది. పక్కన సుభాషిణి గారు రాసింది రెండే వాక్యాలు.

"ఈ భాషలు మాటల్ని విడిపోయాక పోగొట్టుకుని ఉండవచ్చు. సమొయెద్ వెళ్ళాక మిగిలినవన్నీ కలిసి చేసుకున్న కొత్త మార్పు ఒక్కటైనా చూపించండి."

టైటస్ చెవులు వేడెక్కాయి. వలల కొట్టంలో విన్నదే ఇది.

నాలుగు రోజులు పుస్తకాలన్నీ తిరగేశాడు. గట్టిగా నిలబడేది ఒక్కటీ దొరకలేదు. ఐదో రోజు ఆ చెట్టు బొమ్మ తీసేసి, ఎవరు ముందు వెళ్ళారో ఈ ఆధారాలతో చెప్పలేమని రాసి పంపాడు. సుభాషిణి గారు సరేనన్నారు.

కృతజ్ఞతల పేజీలో టైటస్ మొదట రాసిన పేరు పోలేరయ్యదే. ఆ పేజీ ఆయనకి చదివి వినిపించాలని మర్నాడు పొద్దున్నే బయల్దేరాడు. దారి పొడుగునా ఆయన ఏమంటాడోనని ఊహించుకుంటూనే ఉన్నాడు.

ఒడ్డు చేరాక బైకు దిగి నిలబడిపోయాడు. గాలి బాగుంది. సముద్రం మీద ఒక్క పడవ లేదు. అన్నీ ఇసుక మీదే ఉన్నాయి.

తుపాను హెచ్చరికేమో అనుకున్నాడు. రోజూ చేపలు ఎండబెట్టే అంకాలమ్మ కొట్టం ముందు ఊరికే కూర్చుని ఉంది.

"పోలేరయ్య గారు ఉన్నారా అక్కా?"

"మొన్న పొయినాడు సార్. కూర్చున్నోడు కూర్చున్నట్టే, వల చేతిలో ఉండంగానే."

టైటస్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాలుగు రోజులు పుస్తకాల్లో వెతికినవాడు ఒక్కరోజు ఇటు రాలేకపోయాడు. సిగ్గేసింది.

"మరి ఈ పడవలన్నీ ఆగాయేం? దాయాదులు ఎవరూ లేరన్నారే."

"ఈ చుట్టుపక్కల ఏడూళ్ళలో ఎవురు ఎవురికి ఏమవతారో చెప్పేది ఆయనొక్కడే సార్. ఆయన్ని అడక్కుండా మా కాడ ఒక్క సంబంధం కూడా కుదుర్చుకోలా."

అంకాలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇప్పుడు ఆయన మాలో ఎవురికి ఏమవతాడో చెప్పేదానికి మనిషి లేడు. అందుకని అందరం మైల పట్టినాం."