కుంచంలో నత్తవారి పెళ్లి

పారేసిన పాత కుంచంలో పైకీ కిందికీ జారే చెక్కమూత ఒకటి ఉండేది. మూత కింద మిడతలు, మూత మీద నత్త పేరయ్య కాపురం. మిడతలకు పుట్టుకతో వచ్చిన పని ఎగరడమే. ఎగిరినప్పుడల్లా తల మూతకు తగిలేది.

పేరయ్య కూతురికి పెళ్లి కుదిరింది. కుంచం అంచు దాటకుండా వేసే పందిరికి ఎత్తు చాలదట! వీపున సొంత ఇల్లు మోసేవాడికి కూడా చోటు చాలదు చూడండి. తమ్ముళ్లను పిలిచి మూతను సగానికి నొక్కించాడు. వెంటనే కింద దెబ్బలు రెట్టింపయ్యాయి. పందిరి గుంజలు ఊగాయి.

"పెళ్లిపూట తిరుగుబాటా, దరిద్రుల్లారా!"

"తిరుగుబాటేంటి నీ మొహం! మేం ఎప్పటిలాగే ఎగురుతున్నాం. ఇల్లు సగమైంది గనక మాటిమాటికీ తగులుతున్నాం," అంది ముసలి మిడత.

పేరయ్యకు తెలిసిన మందు నొక్కడమొక్కటే. మగపెళ్లివారందరినీ మూత మీదే కూర్చోబెట్టాడు. మూత ఇంకా దిగింది, దెబ్బలు ఇంకా జోరెత్తాయి.

తాళి కట్టడం అయింది. "ఇక సెలవు బావగారూ," అని వియ్యంకుడు తనవాళ్లతో మూత దిగబోయాడు. బరువు తగ్గేసరికి మూత పెళ్లికూతురితో సహా పైకి లేచింది. పేరయ్య హడలిపోయి, కాళ్లే లేని వియ్యంకుడి కాళ్లమీద పడ్డాడు.

"కూర్చోండి బావగారూ, మీకు పుణ్యముంటుంది!"

కూర్చున్నారు. ఇప్పటికీ లేవలేదు. మూడుపూటలా విందు పేరయ్యే పెడుతున్నాడు.