కరెంటు పందుంపుల్ల

పక్షవాతం వచ్చాక ఆదిలక్ష్మమ్మ చేతికి మళ్ళీ దక్కిన పని ఒక్కటే, పళ్ళు తోముకోవడం.

ఆ మంగళవారం పొద్దున అదీ పోయింది.

మీట ఎన్నిసార్లు నొక్కినా బ్రష్షు తిరగలేదు. రాత్రంతా చార్జింగులో ఉన్నదే. ఆవిడ దాన్ని పెరటి గట్టు మీద పెట్టి, కోడలి వంక చూడకుండా వచ్చి మంచం మీద కూర్చుంది.

ఆ బ్రష్షు ఆరు నెలల కిందట కోడలు నీలిమ కొన్నది. అంతవరకూ అత్తగారు వేపపుల్లతోనే తోముకునేది. చెయ్యి పడిపోయాక పుల్ల పట్టుకోగలదు గానీ రుద్దలేదు. బ్యాటరీతో తిరిగే ప్లాస్టిక్ బ్రష్షు తెస్తే వద్దంది. పుల్ల పారేస్తే మట్టిలో కలుస్తుంది, దీన్ని ఎక్కడ పారెయ్యాలని అడిగింది. నీలిమ వెతికి వెతికి వెదురు పిడి ఉన్న ఎలక్ట్రిక్ బ్రష్షు తెప్పించింది. మూడు నెలలకోసారి పైన కుచ్చు మారిస్తే చాలు, పిడి ఏళ్ళ తరబడి వస్తుందని పెట్టె మీద రాసి ఉంది.

"పందుంపుల్లకి కరెంటెట్టీసినారేటే," అని ఆవిడ ఆ రోజు నవ్వింది.

పళ్ళు తోముకోనిదే ఆవిడ మంచినీళ్ళయినా ముట్టదు. పాచినోటితో మాత్ర వేసుకోవడం అసలే ఎరగదు. తాను తోముతానని నీలిమ దగ్గరకు వెళ్ళింది.

"నా నోట్లో నువ్వు సెయ్యెట్టడమేటమ్మా. నానింకా బతికే ఉన్నాను."

మధ్యాహ్నం ఎంతో బతిమాలితే ఉప్పునీళ్ళు పుక్కిలించి బీపీ మాత్ర మింగింది. అన్నం పళ్ళెం మాత్రం పక్కకు జరిపేసింది.

కంపెనీకి ఫోను చేస్తే, అది విప్పడానికి కుదరదు, పారేసి కొత్తది కొనుక్కోమన్నారు. కొత్తది రావడానికి పది రోజులట.

సాయంత్రం నీలిమ గోపాలపట్నంలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుకి వెళ్ళింది. బల్ల ముందు స్టూలు మీద అరవై దాటిన మనిషి కూర్చుని ఉన్నాడు. మాసిన గడ్డం. చేతిలో సరిగ్గా అలాంటి వెదురు బ్రష్షే. తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

మెకానిక్కు దొరికాడనుకుని ఆమె తన బ్రష్షు ఆయన ముందు పెట్టింది.

"ఎవులిదమ్మా?"

"మా అత్తయ్యది. కుడిచెయ్యి పడిపోయింది. ఇది లేకపోతే తోముకోలేదు. తోముకోనిదే అన్నం ముట్టదు."

"పొద్దున్నుంచీ తిన్నేదా?"

"లేదు. అందుకే ఈ తొందర."

ఆయన తన చేతిలోని బ్రష్షును ఆమె బ్రష్షు పక్కన పెట్టాడు. తర్వాత ఇల్లెక్కడో అడిగి, పొద్దున్నే తెచ్చి ఇస్తానన్నాడు. రసీదు ఇమ్మంటే తెల్లమొహం వేశాడు. నీలిమకు అనుమానం వచ్చింది. ఆయన ఎదుటే బ్రష్షుకి రెండు వైపులా ఫోటో తీసుకుంది.

"లోపలి సామాను మార్చేస్తారని విన్నాను. ఏమీ అనుకోకండి."

"మార్సితే మంచిదే పెడతాను లెమ్మా," అన్నాడాయన.

మర్నాడు ఆరు కొట్టకముందే గేటు దగ్గర స్కూటరు ఆగింది.

నీలిమ చెయ్యి చాచింది. ఆయన బ్రష్షు చేతికివ్వకుండా గేటు దిమ్మ మీద పెట్టాడు. లోపలికి రమ్మంటే రాలేదు. కాఫీ వద్దన్నాడు. ఎంతివ్వమంటారంటే తల అడ్డంగా ఊపాడు.

కాసేపటికి పెరట్లోంచి సన్నగా బ్రష్షు తిరుగుతున్న రొద వినిపించింది. ఆ వెనకే ఆదిలక్ష్మమ్మ పుక్కిలించి ఉమ్మిన చప్పుడు. అంతవరకూ ఆయన స్కూటరు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఆ తర్వాత వెళ్ళొస్తానని ఒక్క మాటైనా అనకుండా కదిలిపోయాడు.

మనిషికి ఎంత బిగువో అని, పోర్టులో నైట్ డ్యూటీ దిగి వచ్చిన భర్త వాసుతో నీలిమ అంది.

ఆదిలక్ష్మమ్మ ఆ పూట రాగిపిండితో కాచిన చోడంబలి రెండు గ్లాసులు తాగింది.

"ఆ బాబుకి నానే ఒక మాట సెప్పాల. నన్ను తీసుకెళ్ళు," అంది.

చూద్దాం అంటూ నీలిమ రెండు ఆదివారాలు జరిపింది. మూడో ఆదివారం, ఆయన కొట్టులో ఉంటాడో లేదో కనుక్కుని వచ్చి తీసుకెళ్తానని ఒక్కతే బయల్దేరింది.

స్టూలు మీద ఈసారి ఒక కుర్రవాడున్నాడు. కొట్టు తనదేనని, తన పేరు దేవీప్రసాద్ అని చెప్పాడు. ఆమె పెద్దాయన కోసం అడిగింది.

"ఆయన మా మెకానిక్ కాదు మేడమ్. మీలాగే రిపేరుకొచ్చినాయన."

"మరి నా బ్రష్షు..."

"ఆల్ల ఆవిడికీ పక్షవాతమేనండి. ఆవిడ బ్రష్షు నాకిచ్చారు. దాన్లోకి బ్యాటరీ సెల్లు బయటినుంచి తెప్పించి వేసేసరికి పది రోజులైపోయింది. ఆయన తీసుకెళ్దామని వచ్చేనాటికి, ఆవిడ పోయి నాలుగు రోజులు. బ్రష్షు ఆయన చేతికిచ్చి నేను టీకెళ్ళి వచ్చేసరికి, ఆ సెల్లు తీసి మీ దాన్లో పెడతన్నారు. స్టీల్‌ప్లాంటులో ఎలక్ట్రీషియన్‌గా చేసినారంట."

నీలిమకు ఆ పొద్దున ఆయన గేటు దాటి రాకపోవడం గుర్తొచ్చింది. మైలలో ఉన్న మనిషి పరాయి గడప తొక్కడని, వెళ్ళొస్తానని అనడని ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

ఆయన పేరు అడిగింది. దేవీప్రసాద్ రిపేర్ల పుస్తకం తిప్పి చూపించాడు. అందులో ఉన్నది ఆయన భార్య పేరే, మంగాయమ్మ. ఫోను నంబరూ ఆవిడదే. చేస్తే స్విచ్చాఫ్ అని వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి ఆదిలక్ష్మమ్మ చీర మార్చుకుని వరండాలో ఎదురుచూస్తోంది.

మంగాయమ్మ పోయినందుకు పలకరించడానికి ఏ గుమ్మానికి వెళ్ళాలో నీలిమకు ఇప్పటికీ తెలియదు.