బొమ్మ రావాలి

"వార్తలకి బొమ్మెందుకండీ? మాట వస్తోందిగా!" అన్నాడు డిష్ మెకానిక్, స్క్రూడ్రైవర్ జేబులో పెట్టేసుకుంటూ.

"నాకు మాటొద్దు బాబూ, బొమ్మే కావాలి," అన్నాడు సెలూన్ ఆయన.

అద్దం పైనున్న టీవీలో ఒక మొహం గడులు గడులుగా ముక్కలై, అలాగే ఆగిపోయి ఉంది. గొంతు మాత్రం ఎక్కడా తొట్రుపడకుండా మధ్యాహ్నం వార్తలు చదివేస్తోంది. కుర్చీలో ఉన్న పెద్దమనిషికి ఒక చెంప నున్నగా అయింది. రెండో చెంప మీద నురగ ఆరిపోతోంది. ఆయన వైపు చూసే తీరిక సెలూన్ ఆయనకి లేదు.

"అసలీ ఛానెల్ మన దేశం కోసం పెట్టింది కాదండీ," అన్నాడు మెకానిక్, ఓపిక తెచ్చుకుని. "శాటిలైట్ వానంతా ఆ దేశం మీదే కురుస్తుంది. మన దాకా వచ్చేది తుంపరే. ఆ తుంపర పట్టడానికే మీ డాబా మీద అంత పెద్ద గొడుగు తిరగేసి బిగించాను. గొంతు వచ్చిందే గొప్ప!"

"పోనీ, ఫోన్లో చూసుకోరాదూ?" అన్నాడు సగం గడ్డం పెద్దమనిషి.

"అదీ ప్రయత్నించానండీ. ఈ దేశంలో తెరుచుకోదట. ఇవాళే ఆ ఛానెల్లో మా చెల్లెలి మొదటి రోజు. చూస్తానని మాటిచ్చాను."

"వింటున్నారుగా!" అన్నాడు మెకానిక్. "గొంతు గంటలా మోగుతోంది. ఎంత చక్కగా చదువుతోందండీ మీ చెల్లెలు!"

"అది కాదు బాబూ, మా చెల్లెలు..."

"వార్తల్లో వస్తోంది. తెలుసండీ. పొద్దుట్నుంచీ అదే పాట పాడుతున్నారు. అవతల ఇంకో ఇంట్లో నా కోసం కాచుకుని కూర్చున్నారు."

మెకానిక్ సంచీ భుజానికి తగిలించుకున్నాడు. సెలూన్ ఆయన వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. నిండా ఆరడుగుల మనిషి, చేతిలో దువ్వెన కూడా అడ్డంగా చాచాడు.

"వార్తలు అయిపోవస్తున్నాయి. నీ కడుపు చల్లగుండ, ఒక్కసారి పైకెక్కి చూడు బాబూ."

మెకానిక్ నోరు చెడ్డది కానీ మనసు మంచిది. "మంచి మొండిఘటం దొరికాడురా నాకు," అని గొణుక్కుంటూ మెట్లెక్కాడు. డాబా పెనంలా కాలుతోంది. డిష్ ముందు చాచిన చేయిలాంటి కడ్డీ, దాని చివర సిగ్నల్ పట్టే బుడ్డి. దాని మర వదులు చేసి మెల్లగా తిప్పాడు.

"వచ్చిందా?" అని కిందికి కేకేశాడు.

"రాలేదు!"

"ఇప్పుడో?"

"ఉన్నదీ పోయింది!"

"ఎటు తిప్పమంటారు?"

"ఇందాకటికి కాస్త కుడికి! ఎక్కువ కాదు, వెంట్రుకవాసి!"

వెంట్రుకల సంగతి నీకు తెలిసినంత నాకేం తెలుసయ్యా అనుకుంటూ, మెకానిక్ ఊపిరి బిగబట్టి వేలికొసతో నెట్టాడు.

"వచ్చింది! వచ్చేసింది!" అని కింద సగం గడ్డం పెద్దమనిషి అరిచాడు.

ఆ మరుక్షణమే, డాబా దాకా వినిపిస్తున్న వార్తల గొంతు ఠక్కున ఆగిపోయింది. మెకానిక్ తల పట్టుకున్నాడు. బొమ్మ వచ్చి మాట పోయిందన్నమాట! ఇక ఈ మనిషి తనని ఈ పూటకి వదలడు. మర బిగించేసి, మెట్లు రెండేసి చొప్పున దూకుతూ వచ్చి పడ్డాడు.

తెర మీద బొమ్మ కడిగిన అద్దంలా ఉంది. పట్టుచీర కట్టుకున్న ఆవిడ పెదాలు కదుపుతోంది, మాట లేదు. సెలూన్ ఆయన చేతిలో రిమోట్ ఉంది.

"సౌండేదీ?"

"నేనే తీసేశాను."

మెకానిక్‌కి ఒళ్లు మండిపోయింది. "ఎండలో మాడి చచ్చి బొమ్మ తెస్తే, సొంత చెల్లెలి నోరే నొక్కేశారా!"

సెలూన్ ఆయన టీవీ మీంచి చూపు తిప్పలేదు.

"చెల్లెలు మాట్లాడుతుంటే మధ్యలో ఆవిడ గోలెందుకు బాబూ?" అని, దువ్వెనతో తెర అడుగు మూల చూపించాడు.

అక్కడ, అగ్గిపెట్టంత చట్రంలో ఒకమ్మాయి నిలబడి ఉంది. నోరు మెదపడం లేదు. చేతులు మాత్రం క్షణం ఆగడం లేదు. వేళ్లు విచ్చుకుంటున్నాయి, ముడుచుకుంటున్నాయి, గాలిలో గీతలు గీస్తున్నాయి. చెవులు వినపడని వాళ్లకి వార్తలన్నీ ఆ చేతులే చెబుతున్నాయి.

"పుట్టుకతోనే వినపడదు, మాట రాదు దానికి," అన్నాడు సెలూన్ ఆయన. "చూడు, ఎదురుగా రాసి పెట్టింది చదువుకుంటూ ఎలా గడగడా మాట్లాడేస్తోందో!"

ఇందాక తనన్న మాటలు గుర్తొచ్చి మెకానిక్‌కి సిగ్గేసింది. సంచీ కింద పెట్టి, ఆ అగ్గిపెట్టె వంకే చూస్తూ నిలబడిపోయాడు. ఎంత ముద్దొచ్చిందో ఆ పిల్ల!

వార్తలు అయిపోయాయి. పట్టుచీర ఆవిడ కాగితాలు సర్దుకుంటోంది. మూలనున్న అమ్మాయి చేతులు దించేసింది. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు కుడిచేయి మళ్లీ పైకెత్తి, చెవి పక్కన రెండు వేళ్లు కత్తెరలా గబగబా ఆడించి, నవ్వింది. తర్వాత ప్రకటనలు వచ్చేశాయి.

"ఆఖర్న అదేం వార్తండీ?" అన్నాడు సగం గడ్డం పెద్దమనిషి.

సెలూన్ ఆయన ఆ పెద్దమనిషి మెడలోని తువ్వాలు కొసతోనే కళ్లు తుడుచుకున్నాడు. ఖాళీ అయిన ఆ మూలకేసి చూస్తూ, తనూ చెవి పక్కన రెండు వేళ్లు ఆడించాడు.

"వార్త కాదండీ. 'అన్నయ్యా' అంటోంది."