పెద్దాయన పాదులు

"ఆ చిక్కుడు పాదు జోలికి వెళ్తే ఊరుకోను," అంటూ ఇంటాయన పారకు అడ్డంగా నిలబడ్డాడు.

తాపీమేస్త్రికి చిర్రెత్తుకొచ్చింది. ఇసుకా సిమెంటూ కలిపి అప్పటికే నీళ్లు పోసేశాడు. గంట దాటితే అది బండబారిపోయి ఎందుకూ పనికిరాదు. పెరడంతా చదును చేసి గచ్చు చెయ్యమని ఇంటావిడ పొద్దున్నే మనిషిని పంపించి మరీ పిలిపించింది. ఇప్పుడేమో ఈయన, యాభైకి దగ్గరపడుతున్న మనిషి, ఇస్త్రీ చొక్కా వేసుకుని చిక్కుడు పందిరికి కాపలా కాస్తున్నాడు.

"ఏమ్మా, పనుందా లేదా?" అని మేస్త్రి వంటింటి గుమ్మంవైపు తిరిగి అడిగాడు.

"ఉంది, నువ్వు కానివ్వు. ఆయన మాట వింటే ఈ కొంపలో ఏ పనీ తెమలదు," అంది ఇంటావిడ, గుమ్మం దాటకుండానే. "పెద్దాయన పోయి ఏడాదైంది. అప్పట్నించీ ఇదే తంతు. ఆఫీసునించి రావడం, బూట్లయినా విప్పకుండా పాదుల్లో దూరడం, ఆ మట్టికాళ్లతో ఇల్లంతా తిరగడం. కాయ కాస్తే కళ్లనీళ్లు, పురుగు పడితే కళ్లనీళ్లు. నలుగురూ వింటే నవ్విపోతారు."

నలుగురి దాకా ఎందుకు, మేస్త్రే నవ్వాడు. పెద్దాయన సంగతి అతనూ విన్నాడు. వీధంతా ఆయన్ని పెద్దాయన అనే పిలిచేదట, చివరికి ఇంట్లోవాళ్లకీ అదే అలవాటైపోయిందట. మంచి మనిషే కావచ్చు. అయితే మాత్రం, బజారుకెళ్తే సంచీడు దొరికే చిక్కుడుకాయల కోసం ఇంత రభసా? చదువుకున్నవాళ్ల దుఃఖాలు మేస్త్రికి ఎప్పుడూ వింతగానే ఉంటాయి.

"బాబుగారూ, పోయినవాళ్లు పాదుల్లో కూర్చోరండి. కాస్త పక్కకి జరగండి."

"ఇది పెద్దాయన ఏటా ఏరి దాచుకున్న విత్తనం. ఇంకెక్కడా దొరకదు," అన్నాడు ఇంటాయన. "కాయలింకా ఎండలేదు. ఒక్క నెల ఆగితే విత్తనం చేతికొస్తుంది. ఇప్పుడు తవ్వేస్తే ఇంతటితో సరి."

"పోయిన నెలలోనూ ఒక్క నెలే అన్నారు," అంది ఇంటావిడ. "ముక్కు కారుస్తూ మొక్కలకి నీళ్లు పోసే మగాణ్ణి మిమ్మల్నే చూశాను."

ఇంటాయన ఆ మాట పట్టించుకోలేదు. "సరే మేస్త్రీ, తవ్వుదువుగాని. ముందు ఒక్క ముద్ద తిను. ఇవి ఎలాంటి కాయలో తెలుసుకుని అప్పుడు పార ఎత్తు."

ఊరికే వచ్చే భోజనం ఎవరికి చేదు? మేస్త్రి సిమెంటు మీద తడిగోనె కప్పి వంటింటి మెట్టు మీద కూర్చున్నాడు.

ఇంటాయన పొయ్యి వెలిగించి గిన్నెలో నీళ్లు పెట్టాడు. చేతులు కట్టుకుని ఆ నీళ్లనే చూస్తూ నిలబడ్డాడు. కూర లేదు, నార లేదు, ఉట్టి నీళ్లు.

"ఏం చేస్తున్నాడమ్మా?" అన్నాడు మేస్త్రి గొంతు తగ్గించి.

"నాటకం," అంది ఇంటావిడ. "నీళ్లు మరగడం మొదలయ్యాకే కాయ కొయ్యాలిట. ముందే కోసి పెట్టుకుంటే కాయ అలుగుతుందిట. పెద్దాయన శాసనం. ఈయనగారు తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు."

నీళ్లు తెర్లగానే ఇంటాయన పెరట్లోకి పరుగెత్తాడు. కండువాలో కాయలు కోసుకుని, పరుగున వచ్చి, ఈనెలు తీసి, చేత్తోనే తుంచి గిన్నెలో వేశాడు. ఆ పరుగు చూసి మేస్త్రి పొట్ట పట్టుకుని నవ్వాడు. కూర వాసన లేచేసరికి ఇంటావిడ మాత్రం ముఖం చిట్లించుకుని ముందు గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

అన్నంలో కూర కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక మేస్త్రి నవ్వు ఆగిపోయింది. రెండో ముద్దకి తల వంచుకున్నాడు. పళ్లెం ఊడ్చుకు తిని, ఇంకాస్త వెయ్యమని తనే అడిగాడు.

"పెద్దాయన ఇలాగే వండేవారా బాబూ?"

"ఇంతకంటే బాగా. నాకింకా ఆ చెయ్యి రాలేదు," అన్నాడు ఇంటాయన. అతని కళ్లు చెమర్చాయి. ఈసారి మేస్త్రికి అది నవ్వులాటగా తోచలేదు. పైగా తను నవ్వినందుకు సిగ్గేసింది. అంత సిగ్గు పడ్డాక ఆ ఉక్రోషం ఎవరిమీదో ఒకరిమీద చూపించాలి కదా. చెయ్యి కడుక్కుని, పార గోడకి ఆనించి, ముందు గది తలుపు తట్టాడు.

ఇంటావిడ తలుపు తీసింది.

"అమ్మా, సిమెంటు పోతే పోయింది, నేనీ పని చెయ్యను. మీరేమనుకున్నా సరే, ఒక్క మాట చెప్పి వెళ్తాను. తండ్రి మీద కొడుక్కుండే ప్రేమ మీకెక్కడ తెలుస్తుంది? మీరు బయటినించి వచ్చిన కోడలు. ఏడాదిగా ఆ మనిషిని పురుగులా చూస్తున్నారు. అదే మీ సొంత నాన్న పెంచిన పాదులైతే ఇలా సిమెంటు పోయించేవారా?"

"మేస్త్రీ, ఊరుకో," అంటూ ఇంటాయన కంగారుగా వెనకనించి వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు.

ఇంటావిడ అరవలేదు. మేస్త్రిని దాటి, మొగుణ్ణి దాటి, పొద్దుటినించీ ఒక్కసారైనా చూడని చిక్కుడు పందిరివైపు చూసింది.

"మా నాన్న పాదులే అవి. నన్ను ఒక్కనాడూ అందులో అడుగు పెట్టనివ్వకుండా, అన్నీ ఈ అల్లుడికి నేర్పి పోయాడు."